తప్పెటగుళ్ల ఆదివారం బడికి గ్రాంటు కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

బొబ్బిలి_మాస్టారు • సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా ఊరి యాదవుల వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, డెబ్బై దాటాయి. తప్పెటగుళ్లలో (రొమ్ముకు తప్పెట కట్టుకుని వాయిస్తూ, పాడుతూ ఎగిరే ఆట) మా చుట్టుపక్కల ఆయన్ని మించినవారు లేరు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున రామమందిరం అరుగు మీద పిల్లలకు నేర్పుతున్నారు. మొదట నలుగురే వచ్చారు. ఇప్పుడు పదహారు మంది, అందులో ఐదుగురు ఆడపిల్లలు. (ఆడపిల్లలకి ఇదేటి అన్నవాళ్లు ఉన్నారు. ఆ గొడవ ఇంకోసారి చెబుతాను.)

ఉన్న తప్పెట్లు ఏడు. సగం మంది వాయిస్తుంటే మిగతా సగం చప్పట్లు కొడుతూ అడుగులు వేస్తారు. గజ్జెలు పెద్దాయన ఇంట్లోవే. ఆయనకు నెలకు రెండు వేలు ఇస్తున్నాం. ఆయన అడగలేదు, మాకే బాగోలేక ఇస్తున్నాం. ఊళ్లో చందాలు, నా జీతంలో కొంత, ఇంతే. ఈ ఏడాది చందా అడగడానికి నాకే మొహం చెల్లడం లేదు.

ఇంటర్నెట్‌లో చూస్తే కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లు లక్షల్లో కనిపిస్తున్నాయి. మాకు సంఘం లేదు, రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు ఖాతా లేదు. ఎవరి పేరు మీద పెట్టాలో కూడా తెలీదు. మొన్న ఒకాయన ఫోన్ చేసి "ఫైలు నేను నడిపిస్తాను మాస్టారూ, వచ్చిన దాంట్లో ముప్పై శాతం ఇవ్వండి చాలు" అన్నారు. ఏం చేయమంటారు?

పరదా_వెనక • సోమవారం రాత్రి 10:15

మాస్టారూ, ముందు ఆ ముప్పై శాతం ఆయన నంబరు బ్లాక్ చేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

సిరిమాను • సోమవారం రాత్రి 10:31

విజయనగరం నుంచి. పైడితల్లి సిరిమానోత్సవంలో ఏటా తప్పెటగుళ్ల బృందాలు ఆడతాయి కదా మాస్టారూ. పిల్లల్ని ఒకసారి అక్కడ ఆడించండి. ఎంత ఇస్తారన్నది కాదు, జిల్లా వాళ్ల కంట్లో పడతారు. విజయనగరం ఉత్సవాల వేదిక మీద ఆడినట్టు ఒక్క ఫొటో, ఒక్క పేపర్ కటింగ్ ఉంటే రేపు ఏ దరఖాస్తుకైనా పనికొస్తుంది.

లెక్కలపెట్టె • మంగళవారం ఉదయం 6:50

రాజమండ్రిలో ఆడిట్ చేస్తాను. నా క్లయింట్లలో నాటక సంఘాలు, భజన సమాజాలు ఉన్నాయి కాబట్టి ఈ గోల తెలుసు. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

సంఘం పెట్టాలంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి. బైలాలు రాసుకుని, జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించాలి. ఇది పెద్ద కష్టమేమీ కాదు. కష్టమంతా తర్వాతే. సంఘం పేరు మీద పాన్, సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా, నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్‌లో నమోదు, ఆదాయపు పన్ను మినహాయింపు కోసం నమోదు (12ఏ అంటారు), ఏటా ఆడిట్, ఏటా కార్యవర్గం జాబితా మళ్లీ రిజిస్ట్రారుకు. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. ఐదేళ్ల తర్వాత గ్రాంటు కోసం వెళ్తే "మీ సంఘం బతికే ఉందా?" అని అడుగుతారు.

మాస్టారు నిరాశ పడతారని తెలిసినా చెప్పాలి. పెద్ద గ్రాంట్లలో చాలావాటికి మూడేళ్ల ఆడిట్ లెక్కలు జత చేయాలి. అంటే ఈ వారం సంఘం పెట్టినా ఆ తలుపు తెరుచుకునేది మూడేళ్లకు. మూడేళ్ల కింద పెట్టి ఉంటే బాగుండేది అని అందరూ అంటారు. అది ఎవరి చేతిలోనూ లేదు కాబట్టి ఈ వారమే పెట్టండి.

ఏడుగురిలో ఒకే ఇంటి వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండకుండా చూసుకోండి. తప్పు కాదు, కానీ చూసేవాళ్లకు కుటుంబ వ్యాపారంలా కనిపిస్తుంది.

బొబ్బిలి_మాస్టారు • మంగళవారం ఉదయం 7:20

ఆడిటరు గారూ, చాలా థాంక్స్. కానీ మూడేళ్లంటే… పెద్దాయనకు మోకాళ్లు నొప్పి. మూడేళ్లు నేను ఆగగలను, ఆయన ఆగలేరు.

పరదా_వెనక • మంగళవారం మధ్యాహ్నం 1:05

అక్కడే ఉంది కిటుకు. మాస్టారూ, మీరు సంఘానికి గ్రాంటు వెతుకుతున్నారు. మీ దగ్గర సంఘం లేదు, గురువు ఉన్నారు. గురువు పేరు మీద వచ్చేది వెతకండి.

ముందు ఒక గందరగోళం విప్పాలి. "గురు శిష్య పరంపర" పేరుతో రెండు వేరువేరు పథకాలు ఉన్నాయి. తెలిసిన నాటకాల వాళ్లు కూడా కలిపేసి మాట్లాడతారు.

ఒకటి, కేంద్ర సాంస్కృతిక శాఖ వారి రెపర్టరీ గ్రాంటు. కళా సంస్కృతి వికాస్ యోజన అనే గొడుగు కింద ఉంటుంది. సంఘాలకే ఇస్తారు. గురువుకు నెలకు 15,000, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000, ఒక గురువు కింద గరిష్ఠంగా 18 మంది శిష్యులు. అదే గొడుగు కింద ఉత్సవాలకు, నాటక నిర్మాణాలకు ఇచ్చే గ్రాంటు కూడా ఉంది. మామూలుగా 5 లక్షల దాకా, ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల దాకా. మీకు ఇంటర్నెట్‌లో కనిపించిన లక్షలు ఇవే. ఇవి మీకు ఇప్పట్లో కావు, వదిలేయండి.

రెండోది జోనల్ సాంస్కృతిక కేంద్రాలు నడిపేది. దేశంలో ఇలాంటి కేంద్రాలు ఏడు ఉన్నాయి. మనకు సంబంధించింది తంజావూరులోని దక్షిణ మండల కేంద్రం. నాగపూర్‌లోని దక్షిణ మధ్య కేంద్రంలోనూ మన రాష్ట్రాలు సభ్యులే. అంతరించిపోయే కళలు నేర్పే గురువుకు నెలకు 7,500, పక్క వాద్యం వాయించేవారికి 3,750, శిష్యులకు తలా 1,500 ఇస్తారు. ఆరు నెలల నుంచి ఏడాది వరకు. గురువుల పేర్లు రాష్ట్ర సాంస్కృతిక శాఖ సిఫార్సు చేస్తుంది. ఆ సిఫార్సు తెచ్చుకోవడమే మీ పని.

మీ పెద్దాయన దీనికి అచ్చుగుద్దినట్టు సరిపోతారు.

గళ్లచొక్కా • మంగళవారం మధ్యాహ్నం 2:48

ఏమనుకోవద్దు గానీ, ఊరు తన ఆటని తను పోషించుకోలేకపోతే సర్కారు డబ్బుతో ఎన్నాళ్లు బతుకుతుంది? గ్రాంటు వచ్చాక ఫొటోల కోసం ఆడతారు. రేపు ఏ పథకం మీదో పాట కట్టమంటారు, కడతారు. మా తాత కాలంలో గ్రాంట్లు ఉన్నాయా?

జనగామ_డప్పు • మంగళవారం సాయంత్రం 5:30

గళ్లచొక్కా అన్నా, నీ తాత కాలంలో గ్రాంటు లేదు, హక్కు ఉండేది. మా దిక్కు చిందోళ్లకు ఊళ్ల మీద హక్కు ఉండె. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివి. ఏడాదికోసారి వచ్చి యక్షగానం ఆడుతరు, కల్లం కాడ గింజలు తీసుకుంటరు. అది దానం కాదు, ఇయ్యకపోతే పట్టుబట్టి అడిగే హక్కు. ఆ గింజలు పోయినయి, ఆ స్థానంలో ఇంకోటి రాలేదు. మా జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది, సంతోషమే. అదే ఏడాది నారాయణపేట నుంచి బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారికి వచ్చింది. కానీ ఎంతమందికి వస్తది? మిగతావాళ్లు ఉపాధి హామీ పనికి పోతున్నరు.

పాట కట్టమంటారన్నది మాత్రం నిజమే. నేను ఒప్పుకుంట. అందుకే ఏ డబ్బు తీసుకుంటే ఏం అడుగుతరో ముందే చూసుకోవాలె. నేర్పినందుకు ఇచ్చే డబ్బుకీ, ప్రచారానికి ఇచ్చే డబ్బుకీ తేడా ఉంది. మాస్టారు అడిగేది మొదటిది.

గళ్లచొక్కా • మంగళవారం సాయంత్రం 6:02

సరే, హక్కు మాట నాకు తెలీదు. ఊరుకుంటున్నా. ఫొటోల సంగతి మాత్రం వెనక్కి తీసుకోను.

బొబ్బిలి_మాస్టారు • మంగళవారం రాత్రి 8:55

పరదా గారూ, మీ మెసేజ్ పెద్దాయనకు చదివి వినిపించాను. "తంజావూరా? వాళ్లకి తప్పెట తెలుసా?" అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్లేటప్పుడు "పక్క వాద్యానికి మా తమ్ముణ్ణి రాయి" అన్నారు. ఒప్పుకున్నట్టే.

దరఖాస్తు మొదలుపెట్టాను. మొదటి పేరా ఇది, చూసి చెప్పండి:

"అనాదిగా ఆంధ్రావనిలో విరాజిల్లుతూ జానపద కళామతల్లి కంఠసీమలో మణిహారమై భాసిల్లిన తప్పెటగుళ్లు కళారూపం నేటి ఆధునిక యుగంలో అంతరించిపోతున్న తరుణంలో, భావితరాలకు ఈ అమూల్య సంపదను అందించాలన్న మహత్తర సంకల్పంతో…"

పరదా_వెనక • మంగళవారం రాత్రి 9:30

మాస్టారూ, మీరు తెలుగు పంతులని ముందే చెప్పారు, అయినా ఇది క్షమించరాని నేరం :)

ఈ పేరాలో మీ ఊరు లేదు, గురువు లేరు, పిల్లలు లేరు. తప్పెటగుళ్లు తీసేసి కోలాటం అని రాస్తే అలాగే సరిపోతుంది. చదివేవాడి ముందు ఇలాంటివి కట్టలు కట్టలు ఉంటాయి. మీ మొదటి పోస్టే దీనికంటే మంచి దరఖాస్తు. ఇలా రాయండి:

"విజయనగరం జిల్లా ఫలానా మండలం ఫలానా గ్రామంలో రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం 16 మంది పిల్లలు తప్పెటగుళ్లు నేర్చుకుంటున్నారు. వారిలో ఐదుగురు బాలికలు. వాయిద్యాలు ఏడే ఉన్నాయి. గురువుకు నెలకు 2,000 రూపాయలు గ్రామస్థుల చందాల నుంచి ఇస్తున్నాం. ఏడాదిలో ఈ పిల్లలు పెద్దల సాయం లేకుండా ఒక పూర్తి ప్రదర్శన ఇవ్వాలన్నది మా ఉద్దేశం."

అంతే. చందాల మాట దాచుకోవద్దు. మీ ఊరు ఇప్పటికే డబ్బు పెడుతోందంటే అదే మీ బలం. ఆ తర్వాత తప్పెటగుళ్లు అంటే ఏమిటో నాలుగు ముక్కలు రాయండి. రొమ్ముకు కట్టుకుంటారు, రెండు చేతులతో వాయిస్తారు, పూర్వం మట్టితో చేసేవారు, ఇప్పుడు రేకుతో చేస్తున్నారు, పాడుతూనే ఎగురుతారు, ఒకరి మీద ఒకరు ఎక్కి విన్యాసాలు చేస్తారు. తంజావూరు వాళ్లకు తప్పెట తెలుసా అని పెద్దాయన అడిగింది సరైన ప్రశ్న. తెలీదనుకునే రాయాలి. తెలుగు కాపీతో పాటు ఇంగ్లిష్ కాపీ పెట్టండి.

జెర్సీ_గజ్జెలు • బుధవారం ఉదయం 5:12

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ పిల్లలకు కూచిపూడి నేర్పుతాను. పరదా గారు చెప్పినదానికి నాదొక అనుభవం.

ఇక్కడ రాష్ట్ర ఆర్ట్స్ కౌన్సిల్ డబ్బులో కొంత కౌంటీలకు వెళ్తుంది, కౌంటీలు మాలాంటి చిన్న సంస్థలకు చిన్న చిన్న గ్రాంట్లుగా పంచుతాయి. మొదటిసారి పెడితే నాకు రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే చెప్పారు: "మీ కార్యక్రమానికి ఎవరు వస్తారు, ఎంతమంది, మీ వాళ్లు కాక ఇంకెవరైనా చూస్తారా, ఇవేవీ మీ కాగితంలో లేవు." నేను ఐదు పేజీలు నాట్యశాస్త్రం రాశాను మరి! రెండో ఏడాది పబ్లిక్ లైబ్రరీలో ఉచితంగా ఒక మధ్యాహ్నం కార్యక్రమం పెడతామని, గుమ్మం దగ్గర తల లెక్క రాసుకుంటామని, లైబ్రరీ వాళ్ల ఉత్తరం జత చేసి పంపాను. వచ్చింది. పెద్ద మొత్తం కాదు, హాలుకీ వాద్యగాళ్లకీ సరిపోయింది.

దేశం వేరైనా మాట ఒకటే కదా మాస్టారూ. మీరు పక్క ఊరి బడిలోనో, అంగన్‌వాడీలోనో పిల్లల చేత ఆడించి, ఆ హెడ్మాస్టరు చేత ఒక ఉత్తరం రాయించుకోండి.

ఇంకో మాట. మా టెంపుల్‌లో చెప్తే నలుగురైదుగురు డాలర్లు ఇస్తామన్నారు. పన్నెండు తప్పెట్లకు ఎంతవుతుంది? పంపేస్తాం.

లెక్కలపెట్టె • బుధవారం ఉదయం 7:05

అమ్మా, ఆగండి! మంచి మనసే, కానీ డాలర్ల దగ్గరే చిన్న సంఘాలు మునిగిపోతాయి.

మీలో ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ మూలమే. వాళ్ల డబ్బు తీసుకోవాలంటే సంఘానికి 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. రామమందిరం అరుగు మీద బడికి ఇదంతా ఎందుకు?

టెంపుల్ హుండీలో అందరిదీ కలిపి పంపడం అసలు వద్దు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు విడివిడిగా, పాస్‌పోర్టు కాపీ, ఒక చిన్న ఉత్తరంతో పంపితే ఇబ్బంది లేదు. అది కూడా మాస్టారి సొంత ఖాతాకు కాదు, సంఘం ఖాతా తెరిచాకే.

జెర్సీ_గజ్జెలు • బుధవారం ఉదయం 7:40

అమ్మో. నిన్న రాత్రే మాస్టారిని ఫోన్‌పే నంబరు అడుగుదామనుకున్నా. బతికించారు ఆడిటరు గారూ. మాలో పాస్‌పోర్టు ఎవరెవరికి ఉందో కనుక్కుంటాను.

సిరిమాను • బుధవారం మధ్యాహ్నం 12:20

కంపెనీల సీఎస్ఆర్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? మన జిల్లాల్లో ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా.

లెక్కలపెట్టె • బుధవారం రాత్రి 8:10

మంచి ప్రశ్న. 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. ఆ పనుల జాబితాలో కళలు, సంప్రదాయ కళలు కూడా ఉన్నాయి. చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ ఉంది. కానీ నేరుగా డబ్బు తీసుకునే సంఘానికి 12ఏ, దాతలకు పన్ను తగ్గింపునిచ్చే 80జీ, సీఎస్ఆర్-1 నమోదు, అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం, అన్నీ కావాలి. మళ్లీ మూడేళ్లే.

సందు ఒకటుంది. డబ్బు అడగకండి, వస్తువు అడగండి. పన్నెండు తప్పెట్లు, ఇరవై జతల గజ్జెలు మీ ఊరి బడి పేరు మీద కొనిచ్చి బిల్లు కంపెనీయే కట్టుకుంటే మీ చేతికి రూపాయి రాదు, లెక్క చెప్పే బాధా లేదు. కాకపోతే హెడ్మాస్టరు ఒప్పుకుని స్టాక్ రిజిస్టరులో ఎక్కించాలి.

బొబ్బిలి_మాస్టారు • బుధవారం రాత్రి 9:00

స్టాక్ రిజిస్టరులో ఎక్కితే అవి బీరువాలోంచి బయటికి రావు ఆడిటరు గారూ. మా బడి హార్మోనియం పన్నెండేళ్లుగా లోపలే ఉంది. ఇంకేదైనా చూద్దాం.

పరదా_వెనక • గురువారం రాత్రి 11:20

అందరూ తెచ్చుకోవడం గురించి మాట్లాడుతున్నారు. తెచ్చుకున్నాక ఏమవుతుందో నేను చెప్తాను. ఎక్కడి గ్రాంటో చెప్పను.

కొన్నేళ్ల కింద మా నాటక సమాజానికి ఒక గ్రాంటు మంజూరైంది. మొదటి విడతగా ముప్పాతిక వంతు వచ్చింది. సంబరంగా నాటకం వేశాం. మిగతా పావు వస్తుందన్న ధీమాతో అప్పు చేసి మరీ వేశాం. ఆ పావు రాలేదు. ఎందుకు? తప్పు వాళ్లది సగం, మాది సగం. వాళ్ల ఉత్తరాలు మా పాత అడ్రసుకు వెళ్లాయి. మేం పంపిన యూసీ సరైన నమూనాలో లేదు. యూసీ అంటే వినియోగ ధ్రువపత్రం, కేంద్రం డబ్బయితే జీఎఫ్ఆర్ 12-ఎ అనే ఫారంలోనే ఉండాలి. మాది ఆడిటరు లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు. ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఒక్కదాంట్లో కూడా బ్యానరు, తేదీ లేవు. మేకప్ ఆయనకు, లైటింగ్ కుర్రాడికి ఇచ్చిన డబ్బుకు ఓచర్లు లేవు. వాళ్లిద్దరూ మమ్మల్ని మోసం చేయలేదు, మేం అడగలేదు, అంతే. ఆ అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది. మా హీరో పాత్రధారి ఈ లోపు ఆటో కొనుక్కుని నాటకం మానేశాడు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటకాల వాళ్లు టికెట్టు డబ్బుల మీద ఊరూరా తిరిగి తరాల తరబడి బతికారు. గల్లా పెట్టె లెక్క రాత్రికి రాత్రే తేలేది. మనకు వచ్చే డబ్బు లెక్క ఎప్పుడో ఎవరో అడుగుతారు. అందుకే మొదటి రోజు నుంచే కాగితం పెట్టుకోండి మాస్టారూ.

లెక్కలపెట్టె • శుక్రవారం ఉదయం 6:30

పరదా గారు నా పొట్ట కొట్టారు, నేను చెప్పాల్సిందంతా చెప్పేశారు. రెండే కలుపుతాను. ఓచరు మీద 5,000 దాటితే రూపాయి రెవిన్యూ స్టాంపు అంటించి సంతకం తీసుకోండి. ఒకరికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇవ్వకండి. వేలిముద్ర వేసేవాళ్లయితే పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు.

మాస్టారికి పిల్లల హాజరు పట్టీ ఎలా వేయాలో నేను చెప్పక్కర్లేదు. ఈ ఆదివారం నుంచే వేయండి. రెండేళ్లవి వెనక్కి రాసి పెట్టకండి, ఒకే పెన్నుతో రాసినట్టు తెలిసిపోతుంది. నేను చాలా చూశాను.

బొబ్బిలి_మాస్టారు • ఆదివారం రాత్రి 9:15

హాజరు మొదలైంది. ఈ రోజు పద్నాలుగు మంది.

ఒక సందేహం. గురు శిష్య పరంపరలో మా పదహారు మందినీ తీసుకోకపోతే? కొందరికి నెలకు 1,500 వచ్చి మిగతావాళ్లకు రాకపోతే ఊళ్లో గొడవ అవుతుంది. వచ్చినవాళ్ల దగ్గర తీసుకుని అందరికీ సమానంగా పంచుదామని ఒక తండ్రి అన్నారు. న్యాయంగానే ఉంది కదా?

లెక్కలపెట్టె • ఆదివారం రాత్రి 9:40

న్యాయంగానే ఉంది, కానీ చేయకండి. అది ఆ పిల్ల పేరు మీద వచ్చిన డబ్బు. మీరు వెనక్కి తీసుకున్నారన్న మాట ఒక్కరు బయట అన్నా, మీ మీద మచ్చ పడుతుంది. ఆ ముప్పై శాతం ఆయన చేసేదీ ఇదే, పేరే వేరు.

జనగామ_డప్పు • ఆదివారం రాత్రి 10:05

మాస్టారూ, రానివాళ్లకు ఇంకో తొవ్వ ఉంది. సీసీఆర్టీ (కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉండే శిక్షణ సంస్థ) స్కాలర్‌షిప్ చూసిన్రా? 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు. ఏడాదికి 3,600, గురువు ఫీజు వేరుగా. సంప్రదాయ కళాకారుల ఇళ్ల పిల్లలకు విడిగా సీట్లు ఉంటయి. మీ యాదవుల వీధి పిల్లలకు అది బాగా పనికొస్తది. హైదరాబాద్‌లో వాళ్ల ప్రాంతీయ కేంద్రం ఉంది. మా దగ్గర ఒక ఒగ్గు కథ చెప్పే ఇంటి పిల్లగానికి వచ్చింది. ఇంటర్వ్యూలో పాడమన్నరు, ఆపమనేదాక పాడిండు.

పెద్దాయనకు కూడా వేరే చూడండి. 60 దాటి, ఏడాదికి ఆదాయం 72,000 లోపు ఉన్న సీనియర్ కళాకారులకు కేంద్రం నెలకు 6,000 దాక ఇచ్చే పథకం ఉంది.

బొబ్బిలి_మాస్టారు • సోమవారం ఉదయం 6:10

ఆ పథకం నేనూ చూశాను. చిక్కు ఏమిటంటే ఆధార్‌లో పెద్దాయన వయసు 58 అని ఉంది. మా నాన్న కంటే పెద్ద ఆయన! ఆధార్ తీసేటప్పుడు ఎవరో నోటికొచ్చింది వేశారు. దిద్దించాలంటే పుట్టిన తేదీకి కాగితం కావాలి. ఆయన బడి మొహం చూడలేదు.

సిరిమాను • సోమవారం ఉదయం 8:45

మాస్టారూ, సోమవారమే కదా, కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. ఆధార్ సంగతి ఒక అర్జీ, గురువుగా సిఫార్సు చేయమని ఇంకో అర్జీ. రెండూ ఒకే కాగితం మీద రాయకండి. ఒకే కాగితమైతే ఏ శాఖకు పంపాలో తెలియక ఏ శాఖకూ పంపరు. రసీదు నంబరు తీసుకోండి.

నిర్వాహకుడు • సోమవారం ఉదయం 10:00

ఈ చర్చను పైన పిన్ చేస్తున్నాం. ఎవరి ఫోన్ నంబర్లూ, ఆధార్ కాగితాల ఫొటోలూ ఇక్కడ పెట్టవద్దని మనవి.

బొబ్బిలి_మాస్టారు • మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:30

ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలి కదా.

సంఘం రిజిస్టర్ అయింది. ఏడుగురు దొరకడం కష్టం కాలేదు, పేరు పెట్టడమే కష్టమైంది. నేను సంస్కృతంలో ఒక పేరు రాసుకున్నాను, పరదా గారు చదివితే నవ్వుతారు. పెద్దాయన "తప్పెటగుళ్ల బడి అని రాయి, అందరికీ అర్థమవుద్ది" అన్నారు. అదే పెట్టాం. మూడేళ్ల లెక్క ఈ నెల నుంచి మొదలు.

గురువు సిఫార్సు అర్జీ విజయనగరంలో ఇచ్చాను. రసీదు ఉంది. అది రాష్ట్ర సాంస్కృతిక శాఖకు వెళ్లాలి, అక్కడి నుంచి తంజావూరుకు. నేను అడుగుతూ ఉండాలి. ఆధార్ సంగతి ఇంకా తేలలేదు. ఓటరు కార్డులో 69 ఉందని నిన్ననే బయటపడింది, దాన్ని పట్టుకుని మళ్లీ వెళ్తాను. సీసీఆర్టీకి ఇద్దరు పిల్లల వివరాలు రాసి సిద్ధంగా ఉంచాను. జెర్సీ అక్క తన సొంత పేరు మీద, ఇండియన్ పాస్‌పోర్టు కాపీ జతచేసి సంఘం ఖాతాకు పంపారు. రసీదు పుస్తకంలో మొదటి రసీదు ఆవిడదే.

దరఖాస్తులో ఒక గడి ఉంది. "గురువు ఎవరి వద్ద శిక్షణ పొందారు?" అని. పెద్దాయన మొదట తండ్రి పేరు చెప్పారు. రాశాను. కాసేపాగి, "కొట్టేయి" అన్నారు. నాన్న నేర్పలేదట, గొర్రెలు కాయకుండా తిరుగుతున్నాడని కొట్టేవాడట. నేర్పింది పక్క ఊళ్లో ఒక ముసలమ్మట. ఆవిడ బయట ఎక్కడా ఆడలేదు, ఇంటి వెనక దొడ్లో నేర్పిందట. ఆడపిల్లల్ని బడిలో ఎందుకు చేర్చుకున్నారని ఊరంతా అడిగినా ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఇంటిపేరు గుర్తులేదన్నారు. పేరొక్కటే రాశాను.

గళ్లచొక్కా • ఆదివారం రాత్రి 9:02

మాస్టారూ, బొబ్బిలి వీణకు గొల్లపల్లిలో చేసేవాళ్లు ఉన్నారు. మరి రేకు తప్పెట మీ దగ్గర ఎవరు చేస్తారు? పన్నెండు అన్నారు కదా. నాలుగింటి డబ్బు నేను ఇస్తా. సంఘం ఖాతా నంబరు ఇక్కడ కాదు, విడిగా పంపండి. రసీదు మాత్రం ఇవ్వాలి.